తోకలు తగిలించే పని

మా ఆఫీసులో బ్రెజిల్ కాల్స్‌కు ఒక పద్ధతి ఉండేది. పోర్చుగీసు వచ్చిన నేను జవాబును చాట్‌లో తెలుగు అక్షరాలతో టైపు చేస్తాను. మంచి గొంతున్న గుంటూరు అబ్బాయి నా పక్కనే కూర్చుని దాన్ని పైకి చదువుతాడు. అతనికి ఆ భాషలో పలకరింపులు తప్ప ఏమీ రావు. నాకేమో కొత్తవాళ్ళ ముందు గొంతు పెగలదు.

"నీకు చెయ్యుండాది, వానికి నోరుండాది. ఇంకేం గావాలప్పా?" అనేది మా టీమ్ లీడ్. ఆమెది తరాల కిందటే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం.

పోర్చుగీసును నేను బెంగళూరు మడివాళలో, మా పీజీ హాస్టల్ మేడ మీద బట్టలారేసే చోట కూర్చుని నేర్చుకున్నాను. పదాలకంటే వాటి చివర చేరే ప్రత్యయాలే నాకు ముందు నచ్చాయి. వాటిని తోకలు అనుకునేదాన్ని. మంచికి 'తనం' చేర్చి మనం మంచితనం అన్నట్టే, వాళ్ళు 'ఫెలీజ్'కి, అంటే సంతోషంగా ఉన్న మనిషికి, 'దాజి' చేర్చి 'ఫెలిసిదాజి' అంటారు. అది సంతోషం. 'మేదు' అంటే భయం. దానికి తోక తగిలిస్తే 'మెద్రోజ', పిరికిది. ఆ మాట డైరీలో రాసుకుని చాలాసేపు చూశాను. నాకు భయం ఉంది, నిజమే. అంతమాత్రాన నన్ను ఆ పేరుతో పిలిచే హక్కు ఎవరికీ లేదని దాని కింద రాశాను.

ఒక సాయంత్రం కాల్‌లో అవతలి కంపెనీ ఆవిడ, సరుకు ఎందుకు ఆలస్యమైందని అడిగింది. జవాబు టైపు చేసి, అతను తడబడకూడదని మధ్యలో "ఇక్కడ ఊపిరి తీసుకోండి, చివరి అక్షరం ఒత్తకండి" అని కూడా రాశాను. అర్థం చూడకుండా చదవడం అతనికి ఎంత అలవాటైపోయిందంటే, ఆ తెలుగు మాటలను కూడా అదే గంభీరమైన గొంతుతో చదివేశాడు.

ఆ వింత మాటలు అవతలి ఆవిడకు అనుమానం తెప్పించాయి. తర్వాత ఆవిడ నెమ్మదిగా, "తెం సెర్తేజ?" అంది. నిశ్చయంగా చెబుతున్నారా అని. 'సెర్తు' అంటే సరైనది. దానికి తోక చేరితే 'సెర్తేజ', నిశ్చయం.

అతను మ్యూట్ నొక్కాడు. "జవాబు త్వరగా టైపు కొట్టండి మేడమ్, ప్లీజ్!"

"కొట్టను. హెడ్‌సెట్ ఇటివ్వండి."

"మీరా? క్యాంటీన్‌లో చట్నీ అడగడానికే నన్ను పంపుతారు కదండీ!"

"చట్నీకి మీరే వెళ్ళండి. ఇది నేను మాట్లాడతాను."

వెనక నుంచి లీడ్ అంది: "వద్దప్పా, వణుకుతా ఉండావు."

"వణుకుతూనే మాట్లాడతానక్కా."

నా గొంతు సన్నగా వచ్చింది. "తెన్యు సెర్తేజ" అన్నాను. నాకు నిశ్చయంగా తెలుసు అని. సరుకు రేవులో ఎందుకు ఆగిందో చెప్పాను. ఒకచోట మాట దొరక్క ఆగి, వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ తొందరపెట్టలేదు.

కాల్ అయ్యాక లీడ్, "బాగుండాది. రేపట్నుంచి మళ్ళా వాడే మాట్లాడతాడులే" అంది.

"లేదక్కా. ఇక చాట్‌లో నేనేమీ టైపు చెయ్యను. జవాబు కావాలంటే నా గొంతుతోనే వినాలి."

నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. వాటిని బల్ల కింద దాచుకోలేదు.

మర్నాడు సాయంత్రం కాల్ మొదలయ్యే ముందు ఆ అబ్బాయి తన హెడ్‌సెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. "చట్నీ తెస్తానండి" అంటూ క్యాంటీన్ వైపు వెళ్ళాడు.