రుచి చూడని రోస్టు

కళాధర్ రెండు చేతులతో మాంసానికి ఉప్పు పట్టిస్తున్నాడు. నాలుగు కిలోల బీఫ్ ముక్క, ఒక పక్కంతా కొవ్వు. ఆ కొవ్వు మీద కత్తితో గాట్లు పెట్టి, రాళ్ళుప్పు, దంచిన మిరియాలు, వెల్లుల్లి గాట్లలోకి దిగేదాకా రుద్దాడు. ఆ వంటింట్లో దాన్ని బీఫ్ అనే అంటాడు. తెలుగులో దానికున్న పేరు పదకొండు నెలలుగా నోటితో పలకలేదు.

ఐర్లండ్‌లో అత్లోన్ అనే ఊళ్ళో, నది పక్కన చిన్న హోటల్ అది. వెనక రేకుల కింద బొగ్గుల గ్రిల్లు. ఆదివారం పొద్దుటి నుంచీ తుంపర. బొగ్గులన్నీ ఒక వైపుకి తోసి, మాంసాన్ని రెండో వైపు పెట్టి మూత వేశాడు. కిందే నిప్పు ఉంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఇది ఎవరూ చెప్పలేదు. మొదటి నెలలో ఒక ముక్క పాడుచేసి నేర్చుకున్నాడు.

అసలు అతని వంటంతా అలా వచ్చిందే. కాకినాడ పోర్టు క్యాంటీన్‌లో గిన్నెలు కడిగి, ఉల్లిపాయలు తరిగి, మస్కట్‌లో ఒక హోటల్లో ఆరేళ్ళు చేపలు, కోళ్ళు కాల్చి ఇక్కడికొచ్చాడు. బీఫ్ తినడు. వేలితో నొక్కి, వాసన చూసి, మధ్యలోకి థర్మామీటరు ముల్లు గుచ్చి వేడి కొలిచి, ఉడుకు తెలుసుకుంటాడు. లోపలి వేడి యాభై రెండు డిగ్రీలకి రాగానే దించి అరగంట కదపకుండా ఉంచితే, కోసినప్పుడు రసం బల్ల మీదికి కారదు.

ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు హోటల్ యజమానురాలు నూలా వీడియోలో అడిగింది, వండిన ప్రతిదీ రుచి చూస్తావా అని. చూస్తానన్నాడు. ఆమె వంటింట్లో గట్టి నియమం అదొక్కటే. రుచి చూడకుండా పళ్ళెం బయటికి పంపిన మనిషిని ఆ వారమే పంపేసింది. బీఫ్ పళ్ళేలు మాత్రం ఆమె అటు తిరిగినప్పుడే పంపుతూ వచ్చాడు కళాధర్. అతని వర్క్ పర్మిట్ ఆ హోటల్ పేరు మీదే ఉంది. ఇంకో నెల నిలబడితే ఏడాది నిండుతుంది, భార్య వసంతకీ కూతురు తన్వికీ కాగితాలు పెట్టుకోవచ్చు. ఈలోపు ఉద్యోగం పోతే మళ్ళీ మొదటి నుంచీ. ఉండే గది కూడా వంటింటి మీదే. కిటికీ తీస్తే గ్రిల్లు పొగ, మూస్తే చెమ్మ.

అత్లోన్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఇంకో మాట చెప్పాడు. ఫార్మా ఫ్యాక్టరీలో ఇంజనీరు జానకిరామ్ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ప్రసాదం, పులిహోర అతనే చేశాడు. జానకిరామ్ భార్య వసుంధర, హోటల్లో ఏం చేస్తుంటారని అడిగితే, "కేకులండి. బేకరీ సెక్షన్" అన్నాడు.

ఆదివారం రోస్టు బాగా పోయింది. కిలోన్నర మిగిలింది. సోమవారం ఫ్యాక్టరీకి కొత్త మెషిను బిగించడానికి కొరియా నుంచి వచ్చిన ఆరుగురు భోజనానికి వస్తున్నారు. ఆదివారం మిగిలే రోస్టుతో వాళ్ళ దేశపు నూడుల్స్ వంట, జప్చే, చెయ్యమని నూలా ముందు వారమే చెప్పింది. కళాధర్ అప్పుడే రెండు మధ్యాహ్నాలు మాంసం లేకుండా చేసి చూసుకున్నాడు. చిలగడదుంప పిండితో చేసిన నూడుల్స్ అవి, ఉడికితే గాజులా మెరుస్తాయి. ఆరు నిమిషాలు ఉడికించి చన్నీళ్ళలో జాడించాలి. క్యారెట్టు, ఉల్లిపాయ, పుట్టగొడుగులు వేటికవే వేయించాలి. పాలకూర వేడినీళ్ళలో ముంచి పిండాలి. అన్నీ వచ్చాయి చేతికి.

సోమవారం పదకొండింటికి చల్లటి రోస్టుని సన్నగా పేలికల్లా కోసి, నూలా ఇచ్చిన కాగితంలో ఉన్న కొలత ప్రకారం సోయా సాసు, పంచదార, వెల్లుల్లి, నువ్వుల నూనె పట్టించి గంట నానబెట్టాడు. పన్నెండు దాటాక వెనక తలుపు తోసుకుని జానకిరామ్ వచ్చాడు. అతిథుల బాధ్యత ఆయనదే.

ఆయన గిన్నెలోకి చూశాడు, కళాధర్ వైపు చూశాడు.

"ఏమయ్యా, కేకులు నల్లగా ఉన్నాయే?"

కళాధర్ చేతులు తుడుచుకున్నాడు. "ఇంట్లో అమ్మగారితో అనకండి, జానకిరామ్ గారు. ప్రసాదం చేసిన చెయ్యి ఇది. తెలిస్తే బాధపడతారు."

"ఆ సంగతి తర్వాత. రుచి చూశావా?"

"నేను తిననండి."

"మరి ఎట్లా పంపుతావు?"

"కొలత ప్రకారం చేశానండి."

జానకిరామ్ తలుపు వైపు ఒకసారి చూసి, ఒక పేలిక తీసి నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలి మొహం చిట్లించాడు. "ఉప్పు కషాయం. ఇది నిన్నటి రోస్టే గదా, ఉప్పు పట్టే ఉంటుంది, మళ్ళీ సాసులో ఊరేశావేంటి? ఆ కొలత పచ్చిమాంసానికి."

కళాధర్ గిన్నెని తన వైపు లాక్కున్నాడు. రోజూ రుచి చూసేవాడైతే ఇది చేసేవాడు కాడు. తర్వాత ఇంకోటి తోచింది. "మీరు తింటారాండీ?"

"డబ్లిన్ వెళ్ళినప్పుడు. వసుంధరకి తెలీదు. నువ్వు కేకులు చేస్తావు, నేను శాకాహారిని. చాల్లే, ఇది బాగుచెయ్."

అరగంట టైముంది. కళాధర్ ఉప్పు లేని ఎముకల రసం గోరువెచ్చగా చేసి పేలికలు అందులో వేశాడు. పది నిమిషాలకి తీసి పిండి, ఇంకో రసంలో మళ్ళీ వేశాడు. నూడుల్స్‌కి కలిపి పెట్టుకున్న సాసు సగం పారబోశాడు. పాలకూరకి ఉప్పు వెయ్యలేదు. ఒక పియర్ కాయ తురిమి, ఆ రసం మాంసానికి పట్టించి, వేడి బాణలిలో ఒక్క పొర్లు పొర్లించాడు. నూడుల్స్, కూరలు, మాంసం చేత్తోనే కలిపాడు. గరిటైతే తెగుతాయి.

జానకిరామ్ ఇంకో పేలిక తిన్నాడు. "ఇప్పుడు బావుంది."

"హోటల్ తిండి బానే ఉందా, మిస్టర్ జానకిరామ్?" నూలా లోపలికొచ్చి నవ్వుతూ అడిగింది. ఆయన నోట్లోది గబుక్కున మింగాడు. ఆమె కళాధర్ వైపు తిరిగింది. "అతిథి చేత రుచి చూపించడమేంటి? కళాధర్, నువ్వు చూశావా?"

జానకిరామ్ కలగజేసుకున్నాడు. "నేను చూశాను, నూలా. చాలా బాగుంది."

"మీరు చూశారు సరే. వండింది మీరు కాదుగా." ఆమె సొరుగులోంచి ఫోర్కు తీసి కళాధర్‌కి అందించింది. ఆ మొహంలో కోపం లేదు, అనుమానం కూడా లేదు. రోజూ ఎవరికైనా ఇచ్చినట్టే ఇచ్చింది.

ఫోర్కుతో నూడుల్స్ చుట్టి, దాంతో ఒక క్యారెట్టు ముక్క లాగాడు కళాధర్.

"మాంసం కూడా," అంది నూలా.

వెనక గోడ, ముందు ఆమె, పక్కన పొయ్యి. జానకిరామ్ కిటికీ వైపు తిరిగి వానని చూస్తున్నాడు. కళాధర్ ఒక పేలికని ఫోర్కుకి గుచ్చి నోట్లో పెట్టుకున్నాడు. ఉమ్మెయ్యాలనిపించింది. నాలుక మాత్రం తన పని తాను చేసింది. ఉప్పు సరిపోయింది, పియర్ తీపి కొంచెం ముందుకొచ్చింది, పొగ వాసన చివర్లో తెలుస్తోంది. మాంసం మెత్తగానే ఉంది. పదకొండు నెలలుగా చేతులు చెప్పింది నిజమే. నమిలి మింగాడు.

"బాగుంది," అన్నాడు.

"గ్రాండ్," అంది నూలా. "వీళ్ళు నెలనెలా వస్తారట. ప్రతిసారీ ఇదే పెడదాం. నీ చేత్తో."

అతను సరేనన్నాడు. వేయించిన నువ్వులు పైన చల్లాడు. పెద్ద పళ్ళెం అంచుకి అంటిన సాసు బొట్టుని గుడ్డతో తుడిచి, రెండు చేతులతో ఎత్తి ఆమెకి అందించాడు.