చెట్టును వదలని చెల్లి

నా చిన్నప్పుడు మాకూ ఆకు రాలే కాలం ఉండేది. ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మలేదు. దానికి ఐదేళ్ళు, సైబర్‌జయలో పిల్లల బడికి పోతుంది. మొన్న బడి నుంచి ఎర్ర కాగితంతో, పసుపు కాగితంతో కత్తిరించిన ఆకులు తెచ్చి గోడకు అంటించింది. ఒక్కో ఆకుకు ఐదు కొనలు. అలాంటి చెట్టు మా పెద్దలు వలస వచ్చిన ఈ దేశంలో నేను ఎక్కడా చూడలేదు. చలి దేశాల్లోనే ఆకులు రంగు మారి రాలతాయని, మన చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయని టీచరు చెప్పిందట. నేను రబ్బరు చెట్ల సంగతి ఎత్తగానే, "అబద్ధం లా, అమ్మమ్మా" అని ఇక్కడి పిల్లల తీరులో 'లా' తగిలించి నవ్వి వెళ్ళిపోయింది.

దానికి చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అసలు ఇది మా చెల్లి చెప్పాల్సిన సంగతి. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మా అమ్మానాన్నలు కూలికి పనిచేసిన ఎస్టేట్ కువాలా సెలంగోర్ వైపు ఉండేది. ఇప్పుడు అక్కడంతా పామాయిల్ తోట. అప్పుడు రబ్బరు. ఏడాది మొదట్లో వానలు తగ్గి ఎండ ముదిరే రోజుల్లో చెట్లు ఆకులు రాల్చేవి. ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత ఎరుపు. రెండు మూడు వారాల్లో తోటంతా బోసిపోయేది. అప్పుడు రబ్బరు పాలు సరిగా రావు కాబట్టి కత్తితో బెరడు గీయడం ఆపేసేవారు. పాలు పట్టడానికి చెట్టుకు తీగెతో తగిలించిన కప్పులన్నీ బోర్లించి, ఆడవాళ్ళను కలుపు పనికి దూరం పంపేవారు. మామూలు రోజుల్లో ఏ వరసలోకి వెళ్ళినా ఎవరో ఒకరు కత్తి పట్టుకుని కనిపించేవారు. ఆ రోజుల్లో మాత్రం ఎవరూ ఉండరు. ఎండుటాకుల మీద ఏదో నడిచిన చప్పుడు వినిపించేది గాని అదేమిటో కనిపించేది కాదు. తాచుపాములు ఆకుల కింద పడుకుంటాయని పెద్దవాళ్ళు చెప్పేవారు. అది అబద్ధం కాదు.

తల్లులు పనికి పోయాక పిల్లల్ని ఒక రేకుల షెడ్డులో ఉంచేవారు. దాన్ని ఆయా కొట్టాయి అనేవాళ్ళం. మమ్మల్ని చూసుకునే ముసలావిడ అందరికీ ఆయమ్మ. ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. ఆవిడ మాత్రం ఈ తోటలోనే పుట్టింది. అక్షరం రాదు. నాకు ఏడేళ్ళు, ఎస్టేటు బడిలో చేరాను. అయినా బడి వదలగానే చెల్లి దగ్గరికి ఆ షెడ్డుకే వచ్చేదాన్ని. చెల్లికి నాలుగేళ్ళు.

ఆకు రాలే రోజుల్లో ఆయమ్మ మాకు వేరే పాఠాలు పెట్టేది. ఆకుల్ని రంగుల వారీగా కుప్పలు పోయించేది. ముదురు ఎరుపుకూ లేత ఎరుపుకూ మధ్య ఎన్ని ఎరుపులున్నాయో వరసగా పేర్చమనేది. కొన్ని ఆకుల్ని కుండలో నానబెట్టించేది. నాలుగైదు వారాలకు మెత్తనంతా కుళ్ళిపోయి ఈనెలు మాత్రం మిగిలేవి. వాటిని కడిగి ఎండబెట్టి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని, నీళ్ళు ఏ దారిన పోయేవో వేలితో చూపించమనేది. రబ్బరు ఆకు మారేడు దళంలా ఒక కాడకు మూడు. రాలేటప్పుడే మూడూ విడిపోతాయి. మూడూ ఎర్రగా, విడిపోకుండా ఉన్న ఆకు ఎవరు తెస్తే వాళ్ళు ఆ రోజుకు పెద్ద. ఆ పిల్ల చెప్పినట్టు ఆయమ్మ కూడా వినాలి.

ఇంకో ఆట ఉంది. తువ్వాలుతో కళ్ళు కట్టి, షెడ్డు వెనక ఒక చెట్టు దగ్గరికి తీసుకుపోయేది. దాన్ని చుట్టూ తడమాలి. బెరడు మీద కోత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, కప్పు తీగె ఎంత ఎత్తులో ఉంది, పాత కోత మానిన చోట ఎక్కడ బుడిపె కట్టింది, అన్నీ చేత్తో చూడాలి. తర్వాత గిరగిరా తిప్పి గంతలు విప్పేది. ఏ చెట్టో చెప్పాలి. నేను ఒక పక్క తడిమి తెలిసిపోయిందనేదాన్ని. "ఓ పక్క తడిమితే సెట్టు తెలిసిపోద్దేటి? ఎనకాల నీ మొగుడొచ్చి తడుముతాడా?" అని ఆయమ్మ నెత్తిన మొట్టేది. పిల్లలంతా నవ్వేవారు.

ఆట చివర ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. తోటలో తప్పిపోతే నడవకూడదు. మనం నడిస్తే చెట్లు కూడా నడుస్తాయి. మనం చూడనప్పుడు ఒకదాని చోటికి ఒకటి మారిపోతాయి. అదే ఒక చెట్టును పట్టుకుని నిలబడితే అది కదలలేదు, దాన్ని చూసి మిగతావీ ఆగిపోతాయి. "ఓ సెట్టుని కావలించుకుని ఉండండి. నానొస్తాను" అనేది. చిన్నపిల్లలకు ఆ మాట వింటే ముఖాలు పాలిపోయేవి. నాకు నవ్వొచ్చేది. బడికి పోతున్నదాన్ని కదా, చెట్లు నడవవని నాకు తెలుసు.

ఒక రోజు బడి మధ్యాహ్నానికే వదిలేశారు. ఆయమ్మ పొయ్యి దగ్గర గంజి కలుపుతోంది. మూడూ విడిపోని ఎర్రాకు కోసం నేను చెల్లిని వెంటబెట్టుకుని వరసల్లోకి వెళ్ళాను. షెడ్డు కనబడేంత దూరమే అనుకున్నాను. రెండు కలిసి ఉన్నవి దొరికాయి, మూడోది వేలు తగలగానే ఊడిపోయేది. అలా కిందికి చూస్తూ కాలవ దాటడానికి వేసిన చెక్క పలక కూడా దాటేశాం. తలెత్తి చూస్తే షెడ్డు లేదు. మనుషులు నడిచిన బాట ఆకుల కింద పూర్తిగా పోయింది. ఎటు చూసినా బూడిద రంగు మొదళ్ళు, ఒకే దూరంలో, ఒకే వరసలో. ఎండ నడినెత్తిన ఉంది, నీడను బట్టి తెలుసుకుందామన్నా లేదు.

నేను కంగారు పడలేదు. మా నాన్న చెప్పగా విన్న ఒక సంగతి నాకు గుర్తుంది. మా వైపు చెట్లకు కోతలన్నీ ఇళ్ళ వైపు తిరిగి ఉంటాయి. కోత ముఖం ఎటుంటే అటు నడిస్తే ఇల్లు చేరాలి. చెల్లి కాలిలో ముల్లు గుచ్చుకుంది, నడవనని కూర్చుంది. చెట్టును పట్టుకోమని ఆయమ్మ చెప్పింది కదా అంది. ఎత్తుకుని కొంత దూరం పోయాను, మోయలేకపోయాను. చివరికి ఒక చెట్టు దగ్గర దాన్ని నిలబెట్టి, దాని చేతులు రెండూ మొదలు చుట్టూ నేనే వేశాను. "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తాను" అన్నాను. చెల్లి చెంప బెరడుకు ఆనించి తల ఊపింది.

కోతలను చూస్తూ నడిచాను. చాలాసేపు నడిచాను. ఇళ్ళు రాలేదు. నేల మెత్తబడింది, వాసన మారింది. చెట్ల వరస ఆగిపోయిన చోట నల్లటి నీళ్ళ బురద కనిపించింది. అటువైపు ఎవరూ పోరని నాకు తెలుసు. అప్పుడు భయం వేసింది. వెనక్కి తిరిగి పరిగెత్తాను. నా వెనక ఎవరో పరిగెడుతున్న చప్పుడు. ఆగితే అదీ ఆగింది. పరిగెత్తితే అదీ పరిగెత్తింది. అది నా కాళ్ళ కింది ఆకుల చప్పుడేనని తెలిసింది, తెలిసినా భయం తగ్గలేదు. చెల్లి పేరు పెట్టి అరిచాను. జవాబు రాలేదు. ఏ చెట్టు చూసినా దాని వెనక చెల్లి ఉందనిపించేది. వెళ్ళి చూస్తే ఉండేది కాదు. ఇరవై చెట్లు చూశానో రెండు వందలు చూశానో తెలియదు. చెట్లు నిజంగానే చోటు మారాయని ఆ పూట నేను నమ్మాను.

పారిపోతూ కాలవలో పడ్డాను. అలా దొరికింది దారి. కాలవ గట్టు పట్టుకుని పలక చేరి, షెడ్డుకు వచ్చాను.

ఆయమ్మ గంజి పోస్తోంది. "సెల్లి ఏదే?" అంది.

"ఎనకాల వస్తంది" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళయినా నాకు చెప్పడం రాదు. చెల్లి తప్పిపోయిందంటే అది నిజమైపోతుందని అనుకున్నానేమో. దెబ్బలకు జంకానేమో. ఆయమ్మ నా గిన్నె నా చేతిలో పెట్టింది. చెల్లి గిన్నెలో గంజి పోసి, ఈగలు వాలకుండా పళ్ళెం మూత పెట్టి, నా పక్కన ఉంచింది. నేను ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. పక్కనున్న ఆ మూత వైపు చూడలేకపోయాను. ఎంతసేపు అలా కూర్చున్నానో. ఆ సేపంతా నాలుగేళ్ళ పిల్ల తోటలో ఒక్కతే ఉంది. చివరికి గిన్నె వదిలేసి ఏడ్చాను. అంతా చెప్పాను.

ఆయమ్మ కొట్టలేదు. ఒక పిల్లను కలుపు పని దగ్గరికి, ఒక పిల్లను రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ గదిలో ఉన్న మగవాళ్ళ దగ్గరికి తరిమింది. నన్ను నేల మీద కూర్చోబెట్టి తువ్వాలుతో కళ్ళు కట్టింది. నాకు శిక్ష వేస్తోందనుకున్నాను.

"ఏడుపాపు. దాని సేతులు సెట్టుకేసినపుడు నీ సేతులెక్కడున్నాయి? తడుము" అంది.

చీకట్లో నా చేతులు ముందుకు చాచాను. మొదట ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. చెల్లి చేతి వేళ్ళు వెనక వైపు అందేలా చూసినప్పుడు అక్కడ నా వేళ్ళకు గట్టి బుడిపె తగిలింది. మానిన పాత కోత. ముందు వైపేమో కొత్త కోత, కారిన పాలు తాడులా ఎండిపోయి ఇంకా అంటుకుని ఉన్నాయి.

"రెండు పక్కలా కోతేనా? తీగె నడుంకాడా, మోకాలికాడా?"

"మోకాలికాడ."

"పాత తోట. బురద వారన వరసలు" అని ఆయమ్మ లేచింది.

అప్పుడు నాకు అర్థమైంది. కాలవ అవతలి చెట్లు ముసలివి. వాటికి ఇళ్ళ వైపు బెరడు ఎప్పుడో అయిపోయి, కోతను రెండో పక్కకు తిప్పారు. నేను చూసిన కోతలన్నీ ఇంటికి వీపు పెట్టి ఉన్నాయి. ఒక్కసారి చెట్టు చుట్టూ తిరిగి ఉంటే తెలిసేది.

మా అమ్మ మట్టి చేతులతోనే వచ్చింది. నా వంక చూడలేదు. కొడితే బాగుండుననిపించింది. పెద్దవాళ్ళు వరసకు ఒకరు చొప్పున నడిచారు. ఎవరూ అరవవద్దని, అందరూ తలో దిక్కు నుంచి పిలిస్తే పిల్ల బెదిరి చెట్టు వదిలేస్తుందని ఆయమ్మ చెప్పింది. ఆవిడ ఒక్కతే పిలిచింది. మిగతావాళ్ళు ఆకుల మీద నడిచే చప్పుడు, అంతే. నేను అమ్మ కొంగు పట్టుకుంటే అమ్మ లాక్కుంది. తర్వాత తనే నా చేయి పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

ఎండ వాలుతుండగా కనిపించింది. నేను వదిలిన చెట్టు దగ్గరే, నేను చేతులు వేసిన తీరులోనే నిలబడి ఉంది. లాగు తడిసిపోయింది. చెంప మీద బెరడు గీతలు అచ్చుపడ్డాయి. మోచేతుల మీద చీమలు పాకుతున్నాయి. వాటిని దులపడానికి కూడా చేయి తీయలేదు. అమ్మ ఎత్తుకోబోతే రాలేదు, చేతులు బిగుసుకుపోయాయి. ఒక్కో వేలూ విప్పి తీయాల్సి వచ్చింది.

నేను అరిచినప్పుడు విన్నావా అని అడిగాను. విన్నానంది. ఒకసారి నేను దగ్గరికే వచ్చానట, నా గౌను కూడా కనిపించిందట. మరి ఎందుకు రాలేదని కోపంగా అడిగాను.

"నాను వొగ్గేస్తే సెట్లన్నీ ఎల్లిపోవా? నువ్వెలాగొస్తావు మరి?" అంది.

ఆయమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. మా అమ్మ అప్పుడు ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు అప్పుడే అసలు భయం పట్టుకుంది, పిల్ల దొరికాక. అది నా కోసం చెట్లను ఆపుతూ నిలబడి ఉంటే నేను షెడ్డులో గంజి గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి చెల్లికి ఎవరూ చెప్పలేదు. ఆయమ్మ కూడా చెప్పలేదు. నేను పెళ్ళయ్యాక ఒకసారి చెప్పబోయాను. చెల్లి పట్టించుకోలేదు, "నువ్వే కదా అందరినీ తీసుకొచ్చినావు" అంది.

ఆ రోజు తర్వాత నేను ఎవరితోనూ "ఇక్కడే ఉండు, వస్తాను" అనలేదు. నా పిల్లలు దీని మీద ఇప్పటికీ నవ్వుతారు. బ్రిక్‌ఫీల్డ్స్ బజారులో మూర పూలు కొనడానికి దిగినా ముగ్గురినీ కారులోంచి దింపి, చేతులు పట్టించి, వెంట తిప్పేదాన్ని. పూలమ్మే ఆవిడ "ఏంటక్కా, బడి మొత్తం తెచ్చేశావు" అనేది. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చాను. కారణం చెప్పాలంటే గంజి గిన్నె సంగతి కూడా చెప్పాలి.

పోయిన ఏడు చెల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం నర్సు వచ్చి, పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నారు, కింద క్యాంటీన్‌లో ఏదైనా తిని రండి అంది. చెల్లి కళ్ళు తెరవలేదు. "ఎల్లి రా అక్కా. నానిక్కడే ఉంటాను గదా" అంది.

ఉంటుందని నాకు తెలుసు. తన మాట తను ఎప్పుడూ తప్పలేదు. నేను కుర్చీని మంచం దగ్గరికి ఇంకాస్త జరుపుకుని, దాని చేయి నా చేతిలోకి తీసుకున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదన్న సంగతి, సాయంత్రం నర్సు వచ్చి మా చేతులు మెల్లగా విడదీశాక గాని నాకు గుర్తుకు రాలేదు.