ఒక్క మాటలో దొరకనప్పుడు

మా ఇంగ్లీష్ మేడం పోయారని భూపాలపల్లి నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. మహబూబాబాద్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఆమెను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. సెలవు అడిగితే, సొంతవాళ్లేమో అనుకున్నానమ్మా, టీచరా, అన్నారు మా సార్. స్టేషన్ ఘన్‌పూర్‌లో, వాళ్ల అమ్మానాన్నల సమాధుల పక్కనే ఆమెను పెట్టారు. పాస్టరు ప్రార్థన అయ్యాక వచ్చిన కొద్దిమందీ ఆటోలెక్కి వెళ్లిపోయారు. తిరుగు బస్సులో ఆమె గురించి చెప్పుకోవడానికి నా పక్కన ఎవరూ లేరు. అందుకే మీతో చెబుతున్నాను.

పెద్దవంగర హైస్కూల్లో, నా తొమ్మిదో తరగతిలో ఆమె మాకు వచ్చారు. ఆ వానాకాలంలోనే మా అమ్మ జ్వరమొచ్చి చనిపోయింది. ‘మై మదర్’ మీద వ్యాసం రాయమన్నప్పుడు క్లాసంతా గైడులో ఉన్నదే దించింది. మా అమ్మ పొద్దున్నే లేస్తుంది, రుచిగా వండుతుంది అని. నేను పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నాను. మేడం వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

“రాయబుద్ధి కాకుంటె ఊకో బిడ్డా. రాస్తె మాత్రం ‘ఈజ్’ అని రాయకు. ‘వాజ్’ అని రాయాలె.”

కొట్టినట్టే అయింది నాకు. ఇంట్లో నాయినగానీ, చుట్టాలుగానీ నా ముందు అమ్మ ఊసే ఎత్తేవారు కాదు. అమ్మ ఇక లేదని నాతో నేరుగా అన్నది ఆమె ఒక్కరే. ‘మై మదర్ వాజ్ టాల్’ అని రాశాను. ఆపైన చెయ్యి కదలలేదు. గంట కొట్టేదాకా ఆమె నా పక్క నుంచి లేవలేదు.

మర్నాడు, ఇంకా ఏం గుర్తుందని అడిగారు. పత్తి ఏరి ఏరి చీరుకుపోయిన అమ్మ వేళ్లు, తల దువ్వేటప్పుడు నా వెంట్రుకలకు తట్టుకునేవని చెప్పాను. అలాంటి వేళ్లను ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే ‘రఫ్’ అన్నారు. అది కాదు మేడం అన్నాను. ఆమెకు కోపం రాలేదు. ఇంటికెళ్లి డిక్షనరీ అంతా వెతికి, తెల్లారి వచ్చి చెప్పారు.

“ఒక్క మాటల దొరుకుతలేదు బిడ్డా. రెండు వాక్యాలు రాయి. తొందరేమున్నది?”

ఆమె పాలకుర్తిలో ఒక గదిలో అద్దెకుండేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను రమ్మనేవారు. అల్లం చాయ పెట్టి కథల పుస్తకం చేతికిచ్చి, కళ్లు మూసుకుని వినేవారు. తప్పు పలికితే ఒక కన్ను మాత్రం తెరిచేవారు. పెళ్లెందుకు చేసుకోలేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకసారి ఆ గది మూలన గ్లాసులు కడుగుతూ, “ఈ అర్రల ఇంగ్లీషు నాకు నేనే మాట్లాడుకుంట. నువ్వొస్తె జవాబొస్తది” అన్నారు.

హైదరాబాద్ కాలేజీలో నేను ఇంగ్లీషు పలికే తీరుకు తోటివాళ్లు నవ్వారని మేడంతో ఫోన్లో చెప్పి ఏడ్చాను. నవ్వనియ్, సమజైంది కాబట్టే నవ్విండ్రు, అన్నారు.

రిటైరయ్యాక ఆమెకు పక్షవాతం వచ్చింది. చెల్లెలు భూపాలపల్లి తీసుకుపోయారు. ఇంగ్లీషు మొత్తం పోయింది. తెలుగులో కొన్ని మాటలు తిరిగొచ్చాయిగానీ, అవీ ఒకదానికి బదులు ఇంకొకటి. నీళ్లు కావాలంటే చెప్పులు అనేవారు. తప్పని తనకే తెలిసిపోయి గోడవైపు తిరిగేవారు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి కథలు చదివేదాన్ని. ఎంత అందుతోందో తెలిసేది కాదు.

చివరిసారి వెళ్లింది ఎండాకాలంలో. కిటికీ వైపు చెయ్యి చూపి, ఎంతో స్పష్టంగా “వాన” అన్నారు. బయట ఎండ మండిపోతోంది. వానెక్కడిదక్కా అనబోయిన చెల్లెలిని నేను ఆపాను. కిటికీ అవతలి పెరట్లోకి వెళ్లి, దండెం మీది బట్టలన్నీ తీసి లోపలికి తెచ్చాను. మేడం ముఖం తేటపడింది. నేను బయల్దేరేటప్పుడు కూడా ఆమె కిటికీలోంచి అటే చూస్తున్నారు. ఎండలో ఖాళీ దండెం మెల్లగా ఊగుతోంది.