గాజులకు చుట్టిన దారం

పలాస నుంచి టెక్కలి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ గాజులు జారిపోకుండా దారం చుట్టుకుంది. అప్పట్లో నాకు నోరే గానీ చదువు లేదు.

"ఏటమ్మా, ఇంత సిక్కిపోనావు?" అన్నాను.

"గొంతులో గ్రంథి పనిసెయ్యక ఒళ్లంతా ఉబ్బిపోనాదప్పా. విశాఖపట్నం డాక్టరు బిళ్లలిచ్చినాడు. వాపు తీసి ఇప్పుడే మనిషినయినాను" అని నవ్వింది.

"గాజులు జారితే మొగుడికి కీడు. ఆ బిళ్లలు మానీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. టెక్కలి ఇంకా రాకముందే బిళ్లల పొట్లం కిటికీలోంచి పారేసింది. మంచి పని చేశావని మెచ్చుకున్నాను కూడా.

ముసలితనంలో అక్షరాలు నేర్చాను. మొన్న మనవరాలి థైరాయిడ్ బిళ్లల చీటీ మీద డాక్టరు తెలుగులో రాసింది కూడబలుక్కున్నాను. జీవితాంతం మానకూడదట. ఆ దారం గుర్తొచ్చి, చీటీ మడిచి ఇచ్చేశాను.