కూర్మమ్మ కడవ

మా తాత అసిరయ్యకు దేవుడంటే లెక్కలేదని మా బంధువులు ఇప్పటికీ కథలుగా చెబుతారు. ఎక్కడో నాలుగు పుస్తకాలు చదివి చెడిపోయాడన్నట్టు మాట్లాడతారు. వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మా తాతకు అక్షరం ముక్క రాదు. పాత్రపూర్‌కు రెండు కోసుల అవతల, మా ఊళ్ళో కొలిమి పెట్టుకుని నాగలి కర్రులు సాగగొట్టిన మనిషి ఆయన. అమ్మవారిని వదిలేసింది ఒక్క పూటలో, అదీ అమ్మవారి ఎదుటే. ఆ సంగతి ఆయన నోటనే విన్నాను. తరవాత జరిగింది మా అమ్మ కళ్ళారా చూసింది.

1918లో జ్వరాలు వచ్చాయి. రంగం, అంటే బర్మా, కూలికి వెళ్ళినవాళ్ళు గోపాలపూర్‌లో ఓడ దిగి వాటిని మోసుకొచ్చారని మావాళ్ళు అనుకున్నారు. బరంపురంలో పాడె కట్టడానికి మనుషులు దొరకడం లేదని చెప్పుకున్నారు. మా ఊళ్ళో పదిహేను రోజుల్లో ముగ్గురు పిల్లలు పోయారు. మూడోవాడు మా తాత కొడుకు కాసులు. ఆరేళ్ళవాడు.

కూర్మమ్మ మా వీధి చివర ఒంటరిగా ఉండే విధవ. మా తాత ఆమెను అప్పా అని పిలిచేవాడు, అంటే అక్కా అని. నాట్లకూ కోతలకూ కూలికి వెళ్ళేది. ఎవరు మంచం పట్టినా పిలవకుండానే వెళ్ళి పక్కన కూచునేది. ఆ మూడిళ్ళకూ అలాగే వెళ్ళింది. కాసులుకి గంజి పట్టింది, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. మా అమ్మమ్మ దేముడమ్మ కూడా జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉంటే ఆమె పక్కబట్టలన్నీ ఉతికింది. ఊరికి మాత్రం ఒక్కటే కనబడింది, ఆమె అడుగుపెట్టిన ఇళ్ళలోనే పిల్లలు పోయారని. చావుకి దగ్గరపడ్డ ఇంటికే ఆమె వెళుతోందన్న ఆలోచన అంత పెద్ద ఊళ్ళో ఒక్క బుర్రకీ తట్టలేదు.

చిల్లంగి అన్నారు. అంటే మంత్రం వేసి మనుషుల్ని తినేయడం. మంత్రం సరిగ్గా పలకాలంటే ముందుపళ్ళు ఉండాలట. అవి పీకేస్తే మంత్రం పారదట. ఈ వైద్యం మా వైపు ముసలీ ముతకా అందరికీ తెలుసు.

మా ఊరి అమ్మవారిని మేం పోలమ్మ అంటాం, ఒడియావాళ్ళు ఠాకురాణి అంటారు. మొక్కేది ఇద్దరూ గుడిలోని ఆ రాయికే. ఆ అమ్మ తవిటయ్య అనే ఆయన ఒంటి మీదకి వచ్చి పలికేది. కాసులుని పూడ్చి వచ్చిన సాయంత్రం తవిటయ్య పరామర్శకు వచ్చి మా తాత పక్కన కూచున్నాడు.

"నీ ఇంటికి ఎవులెవులు వొచ్చీవోరు, అసిరీ?"

"ఎవులొస్తారు? కూర్మప్పే. మూడిల్లకీ అదే ఎల్లింది" అన్నాడు తాత.

ఆ మాట కోపంతో అన్నాడో, ఏడుపులో వచ్చిందో తనకే తెలియదని నాతో చెప్పాడు. మర్నాడు గుడి ముందు డప్పులు మోగుతుంటే తవిటయ్య ఊగిపోతూ అరిచాడు, "మూడిల్లకీ అదే ఎల్లింది" అని. అమ్మ పలికిందని ఊరంతా చేతులెత్తింది. నిన్న తన నోటి నుంచి వచ్చిన మాటే, ముక్క తేడా లేకుండా అమ్మ నోట వచ్చిందని ఆ గుంపులో మా తాతకొక్కడికే తెలుసు. అంతే, ఆయనకు అమ్మవారు లేకుండా పోయింది.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు. పోయినవాడు ఆయన కొడుకు, పళ్ళు పీకడానికి పట్టకారులాంటి శ్రావణం ఉన్నది ఆయన కొలిమిలో, అందరూ ఆయన వైపే చూశారు. వెళ్ళి తెచ్చాడు. ఇద్దరు కూర్మమ్మ చేతులు పట్టుకున్నారు, ఒకడు తల పట్టుకున్నాడు. పైన నాలుగు, కింద నాలుగు తనే పీకాడు. మొదటి పన్నుకి ముందు ఆమె "ఒరే అసిరీ" అని ఒక్కసారి అంది. నన్ను భుజాన వేసుకుని పెంచిన మనిషి మా తాత. ఆయన మీద నాకున్న ప్రేమకి కొలత లేదు. ఈ చోటికి వచ్చేసరికి మాత్రం ఆయన్ని చూస్తే అసహ్యం వేస్తుంది. ఆ మాట ఆయనతోనూ అన్నాను.

కూర్మమ్మను ఊళ్ళోంచి తరమలేదు. గుడి వైపు మాత్రం రావద్దన్నారు. వైశాఖంలో పోలమ్మ పండగకి ప్రతి ఇంటి ఆడమనిషీ కడవలో పసుపు నీళ్ళు నింపి, వేపమండలు పెట్టి, తీసుకెళ్ళి ఆ రాయి మీద పోస్తుంది. ఏడాదంతా చల్లగా చూడమని. కూర్మమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమెకు లోకంలో ఉన్నది ఆ అమ్మ ఒక్కతే. ఆ ఏడు పండగనాడు తెల్లవారుతూనే కడవ తెచ్చి కొలిమి ముందు దించింది.

"నన్నెల్లనివ్వరు. నువ్వట్టుకెల్లి పొయ్యి."

"నాను అమ్మని మొక్కట్నేదప్పా."

"నిన్ను మొక్కమన్నానేటి? నీల్లు పొయ్యమన్నాను."

తాత తలస్నానం చేసి, తడిబట్టతో, పచ్చిగంగ ముట్టకుండా, కడవ నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళ వరసలో నడిచాడు. వెనక నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. పోసి, వట్టి కడవ తెచ్చి ఇచ్చాడు.

"దండమెట్టినావా?" అని అడిగింది కూర్మమ్మ.

"నేదు."

"నీల్లు రాయి మీద పడ్డాయా?"

"పడ్డాయి."

"సాలు" అంది.

అలా పదహారేళ్ళు మోశాడు. లేదనుకున్న దేవత కోసం ఒక్క నియమం తప్పలేదు. దండం పెట్టావా అని ఆమె కూడా మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఊరు మాత్రం కమ్మరి అసిరయ్యకు భక్తి ముదిరిందనుకుంది. అది ఎవరి కడవో మా అమ్మమ్మకి తెలుసు. ఆ పూట ఆయనకి అన్నం పెట్టేది కాదు.

గంజాం జిల్లాని మద్రాసు నుంచి తీసి ఒడిస్సాలో కలుపుతారని కబుర్లు పుట్టిన ఏడు కూర్మమ్మకి కాళ్ళు నీరుపట్టాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పండగకి వారం ముందు తాతని పిలిపించింది.

"ఈ ఏడు నానే పోస్తానొరే. మల్లీ ఏడికి నానుండను."

"నిన్ను రానివ్వరు గదప్పా."

"రానిచ్చినట్టు సెయ్యి. నిన్ను నానేటీ అడగనేదు ఇన్నాల్లూ."

నిజమే, ఆమె ఏమీ అడగలేదు. కనీసం ఎందుకు చేశావనైనా అడగలేదు. తాతకి ఒకటే దారి కనబడింది. పదహారేళ్ళుగా మింగిన మాట ఊరి ముందు కక్కేయడం.

పండగనాడు ఆమెను చెయ్యి పట్టి నడిపించుకుంటూ గుడి దాకా తెచ్చాడు. కడవ తనే మోశాడు. జనం అడ్డం నిలబడ్డారు, డప్పులు ఆగిపోయాయి. మా అమ్మ అప్పటికి పదకొండేళ్ళ పిల్ల, అమ్మమ్మ పక్కనే నిలబడి ఉంది.

"ఆ నాడు అమ్మ సెప్పిన మాట అమ్మది కాదు. నాది" అన్నాడు తాత. "ముందునాడు నానే తవిటయ్య సెవినేసినాను. కూర్మప్పది ఏ తప్పూ నేదు. నా గుంటడికి సేవ సేసింది."

తవిటయ్య చచ్చిపోయి అప్పటికి ఆరేళ్ళు. అవుననడానికీ కాదనడానికీ మనిషి లేడు. మునసబు కాశీవిశ్వనాథం ముందుకొచ్చాడు. చెడ్డవాడు కాదు. గట్టుతగాదాల నుంచి మొగుడూ పెళ్ళాల గొడవల దాకా ఊళ్ళో సగం తగవులు తవిటయ్య నోట అమ్మ తీర్చినవే. ఒకటి తప్పంటే అన్నీ తిరగతోడాలని ఆయనకి భయం.

"అయితే అమ్మ అబద్ధమాడిందంటావా అసిరయ్యా?"

"అమ్మ ఆడనేదు. అక్కడ అమ్మ నేదు."

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. ఎవరో రాయి విసిరారు, తాత చెవి పక్క చీరుకుపోయింది. కర్రలు లేచాయి. వెలి వేయమని ఒకరు, కొలిమి తగలబెట్టమని ఒకరు. అప్పుడు కూర్మమ్మ తాత చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది.

"ఆడి మాట ఇనకండి. ఆడికి మతి నేదు" అంది. "అమ్మ నిజమే సెప్పింది. నాను సిల్లంగిదాన్నే. నా పల్లతోటే అది పోనాది. ఇప్పుడు నా దగ్గరేటీ నేదు. నన్ను నీల్లు పొయ్యనివ్వండి."

ఊరి గుండెల మీంచి బరువు దిగిపోయింది. అమ్మ గెలిచింది, తగవులు నిలబడ్డాయి, మునసబు పక్కకి జరిగాడు. జరగనిది మా అమ్మమ్మ ఒక్కతే. వెళ్ళి కూర్మమ్మ మొహంలో మొహం పెట్టింది.

"నా కాసులుగాడిని నువ్వే తిన్నావా?"

కూర్మమ్మ ఆమె కళ్ళలోకే చూసింది. ఆ పిల్లాడు ఆఖరి గంజి ఆమె చేతి మీదుగానే తాగాడు. తాగలేక కక్కితే అరచేత్తో తుడిచింది.

"నానే తిన్నానమ్మా" అంది.

అమ్మమ్మ ఆమె మొహాన ఉమ్మేసింది. కూర్మమ్మ తుడుచుకోలేదు. తాత చేతిలో కడవ అందుకుని, ఆయాసపడుతూ వెళ్ళి, ఆ రాయి మీద కొంచెం కొంచెంగా పోసింది. చివరి బొట్టు దాకా పోసింది. మా అమ్మ చెప్పేది, ఆమె మొహంలో అంత సంతోషం అంతకు ముందు ఎప్పుడూ చూడలేదని. ఆ సంతోషం నాకు అర్థం కాదు. కాకపోయినా దాన్ని వెక్కిరించేవాళ్ళని నా ఎదుట కూచోనివ్వను.

ఆ సాయంత్రం తాత ఆమె గుమ్మంలో కూచున్నాడు.

"ఎందుకలగన్నావప్పా? నాను నిజం సెప్పినాను గదా."

"నీది నిజమైతే అమ్మది అబద్దమైపోతాది. నాదే అబద్దమవనీ. నాను రేపో మాపో పోయీదాన్ని. అమ్మ ఈ ఊల్లో ఉండాల."

"మరి నానేటైపోవాల?"

"అది నానాలోసించనేదొరే" అంది కూర్మమ్మ.

జ్యేష్ఠంలో పోయింది. చిల్లంగిదాన్నని తానే ఒప్పుకున్న మనిషి శవం ముట్టుకోవడానికి ఎవరు వస్తారు? తాత ఒక్కడే ఆమెను బండి మీద వేసి, కాడి తన భుజానికి ఎత్తుకుని లాక్కెళ్ళాడు. గొయ్యి తనే తవ్వి, పూడ్చి, పొద్దు వాలేవేళకి ఇంటికొచ్చాడు. అమ్మమ్మ గుమ్మంలో చేతులు అడ్డంగా చాపి నిలబడింది.

"దాన్ని ముట్టుకున్న సేతులతో లోపలికి రాకు. నా గుంటడిని తిన్నానని దాని నోటితోనే అంది. నువ్వూ ఇన్నావు."

"ఇన్నాను" అన్నాడు తాత.

పెరట్లో బావి దగ్గరికి వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకున్నాడు. అమ్మమ్మ తలుపు తీసేదాకా పోసుకుంటూనే ఉన్నాడు.