ఒంటికన్ను పొట్టేలు కొట్టిన దెబ్బ

హసన్‌పర్తి బడిలో పలక పట్టినవాళ్ళలో బి.ఎస్సీ. గట్టెక్కిన మొదటివాడు రాయమల్లు. ఏడో తరగతిలో తాలూకాకే మొదటివాడు. లాగరిథం పట్టిక సగం నోటికి వచ్చు. పందొమ్మిది వందల అరవై రెండు నాటికి హనుమకొండలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్. గొర్లు కాసిన ఇంటి నుంచి అంత దూరం పోయినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఫిజిక్సు చెప్పే కిషన్ రావు సారు అతనికొక లెక్క అప్పజెప్పాడు. ఆకాశం నుంచి దూసుకొచ్చే ఇనుప పరమాణువు కేంద్రకం ఫోటో పలకలోని వెండి కేంద్రకాన్ని గుద్దితే ఏమేం పగులుతుందో కాగితం మీద కట్టి చూపాలి. పగిలిన ముక్కలు పలక మీద గీసిపోయిన గీతలతో లెక్క కలిస్తే, సారు అచ్చుకు పంపే వ్యాసంలో రాయమల్లు పేరూ ఉంటుంది.

పొట్టేళ్ళ పందేలు చూస్తూ పెరిగినవాడు. గుద్దుకోవడమంటే నెత్తికి నెత్తి కొట్టుకోవడమే అనుకున్నాడు. నాలుగు నెలలు కేంద్రకాలను నడిమికి నడిమి గుద్దించాడు. ప్రతిసారీ రెండూ నుజ్జునుజ్జు.

"నీ లెక్కల అంత పిండే గదనయ్యా!" అన్నాడు సారు. "పలకల జూస్తే ఇనుము సగం ముక్క సీదా పోతాంది, దెబ్బే తగలనట్టు. సోమవారం దాంక జూస్త. కాకుంటే నీ పేరు తీసేస్త."

ఆ ఆదివారం తల్లి సమ్మమ్మ పొట్టేలుకు మడికొండ పొట్టేలుతో పందెం. సమ్మమ్మదానికి నిరుడే ఒక కన్ను పోయింది. మొదటి దెబ్బకు నెత్తురు చిమ్మి ముందు వరుసవాళ్ళ అంగీల మీద పడింది. రెండో దెబ్బకు ఎముక పగిలిన చప్పుడు. మూడోసారి ఒంటికన్నుది గురి తప్పి పక్కగా తాకింది. తాకిన చోట దాని కొమ్ము కుదురుతో ఊడింది, అవతలిదాని జబ్బ ఎముక తేలేలా చీలింది. తాకని ఒళ్ళంతా అదే వేగంతో ముందుకు పోయి జనంలో పడి ఇద్దరిని తొక్కింది.

"ఓ సమ్మక్కా, నీ పొట్టేలు హన్మకొండ బస్సెక్కుతదానే?" అని జనంలోంచి ఎవడో అరిచాడు.

"కన్ను లేనిదానికి గురెక్కడిదిరా, బాడ్కావ్!" అంది సమ్మమ్మ.

రాయమల్లు నిలుచున్నచోటే బిగుసుకుపోయాడు. కేంద్రకానికి మాత్రం కళ్ళెక్కడివి?

"బిడ్డా, నెత్తురు కారుతాంది, జర పట్టు!" అని తల్లి అరిచింది. ఒక చేత్తో పొట్టేలు గాయం అదిమిపట్టి, రెండో చేతి వేలితో మట్టిలో రెండు సున్నలు గీశాడు, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కినట్టు. పగిలేది ఎక్కినంత మేరే. మిగిలింది సీదా పోతుంది. పైగా గురి లేని దెబ్బల్లో నడిమికి తగిలేవి తక్కువ, అంచు రాసుకునేవే ఎక్కువ. ఎంత పక్కకు జరిగిన దెబ్బలు ఎన్ని పడతాయో, ఒక్కోదానికి ఎంత పగులుతుందో విడివిడిగా కట్టి కలపాలి.

సోమవారం కొత్త పట్టికను సారు పలకల గీతలతో మూడుసార్లు సరిచూశాడు. మూడుసార్లూ కలిసింది. "నీ పేరు ఉంటదయ్యా," అన్నాడు, తల ఎత్తకుండానే.

ఒంటికన్ను పొట్టేలు పందెం మరునాడే చచ్చింది. ఏడాదికి వ్యాసం అచ్చయింది. రాయమల్లు తల్లికి అందులోని ఆ రెండు సున్నల బొమ్మ చూపించి, కింద తన పేరు చదివి వినిపించాడు. సమ్మమ్మ సున్నలు కలిసిన చోట వేలు పెట్టింది.

"గిది కొమ్మూడిన జాగనే గద బిడ్డా. మరి నా పొట్టేలు పేరేదిరా?"