ఆపేయమన్న మాత్ర

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో జావా చెప్తాను. మూడేళ్లపాటు, పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పట్టేవి, తల పగిలిపోయేది, గుండె దడదడలాడేది. నాకు సబ్జెక్టంటే ప్రాణమని పిల్లలు అనుకున్నారు. డాక్టర్లు టెన్షన్ అన్నారు. చివరికి స్కానింగ్‌లో, కుడి కిడ్నీ పైన ఉండే గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ కనబడింది. అది ఇష్టమొచ్చినప్పుడల్లా రక్తంలోకి హార్మోన్ వదులుతోందట.

"ఇన్నేండ్ల కోపం సుత దానిదేనా?" అని మా ఆవిడ డాక్టర్‌ని అడిగింది.

"కొంత" అన్నాడాయన.

మిగతాది ఎవరిదో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

పంజాగుట్ట ఆసుపత్రిలో గడ్డ తీసేశారు. రెండోరోజు గుండె లయ తప్పింది. నాలుగుసార్లు గబగబా కొట్టుకుని, కాసేపు ఊరుకుని, మళ్లీ పరుగెత్తేది. ఇన్నాళ్లూ ఆ హార్మోన్ దెబ్బ తిన్న గుండె, కుదుటపడటానికి టైం పడుతుందన్నాడు డాక్టర్. మందులతో మూడురోజులకు సర్దుకుంది. వేగం తగ్గించే మాత్ర ఒకటి ఇచ్చి పంపారు. నెల తర్వాత చూసి, ఇక ఆపేయమన్నారు.

నేను ఆపలేదు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకున్నాను. ఒకరోజు మెట్లెక్కుతుంటే గుండె కాస్త గట్టిగా కొట్టుకుంది. ఆ రోజు నుంచి రెండేసి వేసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.

ఒక ఉదయం యూసుఫ్‌గూడలో ఇంటిముందు ఆటో ఎక్కాను. కొంతదూరం పోయేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. డ్రైవర్ అద్దంలో చూశాడు.

"అన్నా, మంచిగున్నవా?"

"గుండె కొట్టుకుంటలేదు."

"కొట్టుకోకుంటే ఎట్ల మాట్లాడుతున్నవే?" అన్నాడు. అని, క్లాసు దగ్గర ఆపకుండా నేరుగా పంజాగుట్ట తీసుకుపోయాడు.

నిమిషానికి ముప్పై ఎనిమిది కొట్టుకుంటోందట. మా ఆవిడ వచ్చేసరికి డాక్టర్ నా మంచం పక్కనే ఉన్నాడు.

"ఆ మాత్ర ఆపేయమన్నాను కదా?"

"అన్నారు సార్."

"మరి?"

"భయమేసింది."

పెళ్లయ్యాక ఆమె ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె నా చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు సుత భయమైతుండె" అంది. "అడుగుతవేమోనని చూసిన."

నేను అడగలేదు. ఆపరేషన్ అయింది నాకు కదా అనుకున్నాను. అదే మాట ఆమెతో చెప్పాను. తలూపింది.

రెండురోజుల్లో గుండె వేగం మామూలుకొచ్చింది. తర్వాత ఒక రోజంతా ఛాతీకి చిన్న మిషన్ కట్టి చూశారు. అప్పుడప్పుడు ఒక దెబ్బ అదనంగా పడుతోందని, దానికి మందు అక్కర్లేదని చెప్పారు.

ఇప్పటికీ పడుతుంది. క్లాసులో అయితే ఒక క్షణం ఆగుతాను. నేను ఆగానంటే అది ముఖ్యమైన పాయింటని పిల్లలు రాసుకుంటారు.